పెద్ద కొట్టులో ఉతికిన కాలువ

జ్ఞాపకం సాక్ష్యం కాదని సభల్లో చాలాసార్లు వాదించాను. దయ్యాన్ని చూశానన్నవాడికీ, స్వామి కలలో కనిపించాడన్నవాడికీ నేనిచ్చిన జవాబు అదే. మనిషి చూసేది ఒకటి, పదేళ్ళ తర్వాత చెప్పేది ఇంకొకటి. మధ్యలో మనసు తనకు నచ్చిన రంగు పూస్తుంది. మాచర్ల పెద్ద కొట్టు గురించి రాయబోతూ ఆ మాట ముందు నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఎందుకంటే ఆ మేడ నాకెప్పుడు గుర్తుకొచ్చినా రంగుల్లోనే గుర్తుకొస్తుంది. తలుపుల పైన విసనకర్ర ఆకారంలో ఎర్ర, పచ్చ, నీలం అద్దాలు ఉండేవి. పొద్దుటి ఎండ వాటిలోంచి దిగి నాపరాళ్ళ మీద పరుచుకునేది. లోపలికి వచ్చేవాళ్ళ పాదాలు ఒక అడుగుకు ఎర్రబడి, మరో అడుగుకు నీలమయ్యేవి. ఇంతవరకు నిజమే. కావాలంటే రుజువు చేయగలను. ఆ అద్దాల కొలతలు తీసింది నేనే.

దొరల కాలంలో కట్టిన రెండంతస్తుల మేడ అది. కింద హాలు నిండా బట్టలు. మేడ మీద మిగిలిన లోకమంతా ఉండేది. లాంతర్లు, పింగాణీ పళ్ళేలు, గొడుగులు, పలకలు, ట్రంకు పెట్టెలు, ఒక మూల ఎవరూ కొనని రెండు హార్మోనియాలు. గురజాల వైపు నుంచీ వెల్దుర్తి వైపు నుంచీ పెళ్ళి బట్టలకు బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి హాలు పొడుగునా పరిచిన తెల్లటి పరుపుల మీద కూర్చుంటే, గుమాస్తా గుడ్డ తాను విప్పి వాళ్ళ ముందుకు విసిరేవాడు. గుడ్డ గాలిలో ఒక్క క్షణం ఆగి, ఊపిరి వదిలినట్టు మెల్లగా కిందికి దిగేది.

నేను మా అమ్మతో వెళ్ళేవాణ్ణి. మా అమ్మ మిషన్ బడిలో టీచరు. మాది క్రైస్తవ కుటుంబం. మేము పరుపు మీద కూర్చునేవాళ్ళం కాదు. గడప పక్కన మాలాంటివాళ్ళకని ఒక బల్ల ఉండేది. గుమాస్తా మాకు కావలసిన గుడ్డ కొలిచి, కత్తిరించి, మడిచి, గజం బద్ద చివర వేసి అందించేవాడు. అది ఆ కొట్టు పద్ధతి అనుకున్నాను చాలాకాలం. నాకు పదేళ్ళప్పుడు ఒకరోజు పరుపుల వైపు చూశాను. అక్కడ గుడ్డ చేతిలోంచి చేతిలోకి వెళ్తోంది. ఇంటికి వచ్చేదాకా అమ్మను ఏమీ అడగలేదు. వచ్చాక కూడా అడగలేదు.

తర్వాత చదువుకున్నాను. పాస్టరుగారితో వాదించాను, పురోహితుడితో వాదించాను, గ్రంథాలయంలో ఆదివారం సభల్లో బల్ల గుద్దాను. కృష్ణ మీద డ్యాము పని మొదలై, కాలువ సర్వేలు పల్నాడంతా సాగుతున్న రోజుల్లో కాలువ ఆఫీసులో ట్రేసరుగా చేరాను. ఇంజనీర్లు కాగితం మీద పెన్సిలుతో ప్లాను గీస్తారు. దాని మీద ట్రేసింగు గుడ్డ పరిచి, కింద కనిపించే గీతల వెంట నల్ల ఇంకుతో గీయడం ట్రేసరు పని. నూలు గుడ్డకే గంజి దట్టంగా పట్టించి, అవతలి గీత కనిపించేంత నున్నగా రుద్ది మిల్లులో తయారు చేస్తారు దాన్ని. గీసిన గుడ్డను మందు కాగితం మీద పెట్టి ఎండ చూపిస్తే నీలం కాపీ దిగుతుంది.

అప్పటికి పెద్ద కొట్టు మూతపడింది. వారసులు గుంటూరులో వ్యాపారం పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ మేడను మా ఆఫీసు అద్దెకు తీసుకుంది. దాన్ని కొలిచి, ఎక్కడ ఏ గది రావాలో ప్లాను గీసే పని నాకు పడింది.

"ఇది అంగడి," అన్నారు ఇంజనీరుగారు హాలు మధ్య నిలబడి. "దీన్ని ఆఫీసు చెయ్యాలి. వచ్చినవాడికి కొనడానికి వచ్చానన్న భ్రమ కలక్కూడదు."

గోడ పడగొట్టే రోజున తాపీ మేస్త్రీ గుమ్మడికాయ తెచ్చాడు. నేను ఊరుకుంటానా?

"కాయ కొడితే గోడ తేలిగ్గా పడుద్దా మేస్త్రీ?" అన్నాను.

"గోడకు కాదయ్యా, కూలోళ్ళకు. కాయ కొట్టందే వాళ్ళు గునపం పట్టరు. ఒక్క కాయకు పన్నెండు మంది కదులుతారు. నీ ఉపన్యాసానికి ఎంతమంది కదులుతారో చెప్పు, రేపట్నించి కాయ మానేస్తా."

పన్నెండు మందీ నవ్వారు. నేను కొలత టేపు చుట్టుకుంటూ పక్కకు జరిగాను. ఆ వాదంలో ఓడిపోయానని ఇప్పటికీ ఒప్పుకోను. గెలవలేదంటాను, అంతే.

ఆ నెలలన్నీ నాకు కలలో నడిచినట్టే ఉంటాయి. పరుపులు ఎత్తేస్తే, ఏళ్ళ తరబడి ఎండ సోకని నాపరాళ్ళు తడిగా ఉన్నట్టు నల్లగా మెరిశాయి. హాలు మధ్య చెక్క అడ్డుగోడలు లేచాయి. ఫ్యాన్లు వచ్చాయి. చీరల అరల్లోకి ఫైళ్ళు చేరాయి. ఆ అరలు ఫైళ్ళకు మరీ లోతు. క్లర్కులు భుజం దాకా చెయ్యి దూర్చి వెతుక్కునేవాళ్ళు. గాజు బీరువాల్లో సర్వే దుర్భిణులు కూర్చున్నాయి. డబ్బు తీసుకునే కటకటాల గూట్లో టపా క్లర్కు కూర్చున్నాడు. నిలువుటద్దాలను మాత్రం ఎవరూ కదిలించలేదు. చీర భుజాన వేసుకుని చూసుకోవడానికి పెట్టిన అద్దాలవి. ఇప్పుడు ఓవర్సీర్లు ఫైలు చంకలో పెట్టుకుని వెళ్తూ వాటి ముందు ఒక్క క్షణం ఆగి, ఎందుకు ఆగారో తెలియనట్టు కదిలిపోయేవాళ్ళు. మూడుసార్లు సున్నం కొట్టినా గోడలకు కొత్త గుడ్డ వాసన పోలేదు. పొద్దున్నుంచీ బోర్డు మీద వంగి గీస్తుంటే, అద్దాల రంగులు నా కాలువ మీదుగా మెల్లగా జరిగేవి. నీళ్ళు ఇంకా రాని కాలువ పదిన్నరకు నీలమై, పన్నెండుకు ఎర్రబడేది.

కొట్టు మూసిన సంగతి ఊళ్ళకు చేరలేదు. ఒకరోజు వెల్దుర్తి వైపు రైతు కుటుంబం ఒకటి చెప్పులు విడిచి లోపలికి వచ్చి, పరుపులున్న చోట నేల మీదే చతికిలబడింది.

"ఏందబ్బాయ్, పరుపులేవి? ఉతకనిచ్చారా?" అంది వాళ్ళలో పెద్దామె.

"ఇది కాలవాఫీసు పెద్దమ్మా," అన్నాడు టపా క్లర్కు గూట్లోంచి.

"కాలవ మా చేలోకి రాడానికి చానా ఏళ్ళు పడుద్దంట. మా పిల్ల పెళ్ళి పదోనాడే. ముందు చీరలు చూపీ."

ఆఫీసంతా నవ్వింది. అప్పుడు లోపలి నుంచి ముసలి బంట్రోతు వచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఏ రంగు కావాలి, పిల్ల చామనచాయా, తెలుపా అని అడిగాడు. బజార్లో ఏ కొట్టుకు వెళ్ళాలో, ఏ నేత అడగాలో చెప్పి పంపాడు. చెబుతున్నంతసేపూ అతని చేతులు గాలిలో లేని తానును విప్పుతూనే ఉన్నాయి.

ఆ బంట్రోతు ఒకప్పటి గుమాస్తాయే. మా అమ్మకు బద్ద చివర గుడ్డ అందించినవాడే. భార్య ఏనాడో పోయింది. మెట్ల కింద గదిలోనే ఏళ్ళుగా పడుకుంటున్నాడు. అతన్ని పనిలో పెట్టుకోమని వారసులు మాటగా అడిగితే, ఇంజనీరుగారు రోజు కూలీల హాజరు పట్టీలో, అంటే మస్టరులో, పేరు రాయించారు. ఖాళీ వస్తే ఖాయం చేస్తామన్నారు. పేరు మస్టరులో ఉన్నంతకాలం ఆ గది అతనిది. పేరు కొట్టేస్తే గదీ లేదు, కూలీ లేదు. అది అతనికీ తెలుసు, మాకూ తెలుసు. అందరినీ సార్ అనేవాడు, నన్ను మాత్రం అబ్బాయ్ అనేవాడు. నేను పెద్దాయనా అనేవాణ్ణి. మర్యాద తప్పలేదు, కానీ మంచినీళ్ళు తెస్తే బల్ల మీద పెట్టమనేవాణ్ణి, చేతికి తీసుకునేవాణ్ణి కాదు. అంత చిన్నతనం నాలో ఉంది. రాయకుండా దాటేయడం సబబు కాదు.

ఒకరోజు అతను నా బోర్డు పక్కన నిలబడి గుడ్డ అంచు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"ఏం మిల్లుదబ్బాయ్ ఇది? గంజి కింద సన్న నూలుంది. ఉతికితే మల్లెపువ్వు."

"అవును. పాడైన ముక్కలు మావాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి ఉతికి చేతిరుమాళ్ళు చేసుకుంటారు," అన్నాను. రూలు ప్రకారం అది తప్పే. అందరూ చేసేదే.

అతను కాసేపు నసిగాడు. వెల్దుర్తిలో కూతురికి ఆడపిల్ల పుట్టిందట. చంటిబిడ్డకు ముందు పాత గుడ్డే చుట్టాలి. "బతుకంతా కొత్త గుడ్డలే అమ్మానబ్బాయ్. నా ఇంట్లో మెత్తని పాత పేలిక ఒకటి లేదు."

నాకు ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. "కొత్త గుడ్డ చుడితే ఏమవుద్ది పెద్దాయనా? దిష్టా? దేవుడికి కోపమా?"

అతను నన్ను జాలిగా చూశాడు. "గంజి గుచ్చుకుంటదయ్యా. చంటిదాని ఒళ్ళు."

నేను అరలో చెయ్యి పెట్టి వెతికాను. రద్దయిన డ్రాయింగు ఒకటి తీసిచ్చాను. రెండు రోజుల తర్వాత ఉతికిన గుడ్డ తెచ్చి చూపించాడు. నిజంగానే మల్లెపువ్వులా ఉంది.

వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. ఇంకొకటి ఉంటే మార్చి మార్చి చుట్టుకోవచ్చని కూతురు అడిగిందట. ఆ సాయంత్రం నేను ఆదివారం సభకు ప్రసంగం రాసుకుంటున్నాను. "అరలో రెండు చుట్టలున్నాయి. పనికిరానిది తీసుకో," అన్నాను, తల ఎత్తకుండా.

అరలో ఒకటి నేను మూడు వారాలు కూర్చుని ముగించిన ప్రధాన కాలువ డ్రాయింగు. ఇంకొకటి ఇంజనీరుగారు మొదట్లోనే వద్దన్న ప్లాను, మీద నాలుగు గీతలు కూడా లేవు. ఏది పనికొచ్చేదో కాలువ ఆఫీసులో ఎవరినడిగినా చెబుతారు. కానీ అతను రెంటినీ విప్పి గుడ్డల కొట్టువాడి కళ్ళతో చూశాడు. ఒకటి తెల్లగా, శుభ్రంగా, అమ్మకానికి పెట్టే తానులా ఉంది. రెండోదాని నిండా నల్ల గీతలు, అంకెలు, మూలల్లో పిన్నుల రంధ్రాలు, అంచుల్లో నా బొటనవేలి మచ్చలు. మంచి గుడ్డను అరలో జాగ్రత్తగా పెట్టి, పాడైపోయిన గుడ్డను తీసుకెళ్ళాడు.

మర్నాడు పొద్దున పెరట్లోకి వెళ్ళాను. తీగ మీద తెల్లటి పెద్ద గుడ్డ గాలికి ఊగుతోంది. ఎండ దానిలోంచి వచ్చి గోడ మీద పాలలా పడుతోంది. ఎంత బాగుందో అనుకుంటూ దగ్గరికి వెళ్ళాను. మూలల్లో వరసగా పిన్నుల రంధ్రాలు కనిపించాయి. పక్కనే బానలో నీళ్ళు నల్లగా, చిక్కగా ఉన్నాయి. డ్యాము నుంచి బయల్దేరి వాగులు దాటి, మెరకలు చుట్టి వచ్చిన కాలువ, దాని తూములు, వంతెనలు, నేను ఊపిరి బిగబట్టి రాసిన అక్షరాలు, అన్నీ గంజితో పాటు కరిగి ఆ బానలో నిలిచి ఉన్నాయి.

ఆ డ్రాయింగు నీలం కాపీ సోమవారం పై అధికారికి అందాలి. అప్పటికి బుధవారం. సంగతి తెలిశాక ఇంజనీరుగారు మెల్లగానే మాట్లాడారు, అదే భయమేసింది. "ఆ ముసలాడి పేరు మస్టర్లోంచి కొట్టెయ్యండి. గది ఖాళీ చేయించండి. గుడ్డ ఎవరు తీశారో, ఎవరిచ్చారో శనివారం లోపు నాకు రాతపూర్వకంగా కావాలి."

నేను పెరట్లోకి వెళ్ళి నాకున్న కోపమంతా అతని మీద కుమ్మరించాను. మూడు వారాలన్నాను, కళ్ళు లేవా అన్నాను. చివరికి, ఎక్కడో అడుగున ఉన్నది పైకి వచ్చింది.

"మా అమ్మకు గుడ్డ బద్ద మీద పెట్టి ఇచ్చేవాడివి. గుర్తుందా?"

అతను బాన పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు. "ఉంది," అన్నాడు.

"ఎందుకట్టా ఇచ్చావు?"

"ఇవ్వమన్నారు. ఇచ్చా." బానలోకి చూస్తూ, "వాళ్ళు అనకపోయినా ఇచ్చేవాణ్ణేమో అబ్బాయ్. అబద్ధమెందుకు," అన్నాడు.

సభల్లో నాకెవరూ అంత సూటిగా జవాబు చెప్పలేదు. దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. క్షమించానని చెప్పుకోను, ఆ మాట నాకు పాస్టర్ల దగ్గర విసుగొచ్చింది. అడగాల్సింది అడిగాను, చెప్పాల్సింది చెప్పాడు. తర్వాత ఇద్దరం తీగ మీది గుడ్డను చూస్తూ ఉండిపోయాం.

"పెన్సిలు కాగితముందిగా. మళ్ళా గీయరాదూ?" అన్నాడు.

"గుడ్డేది? కొత్త చుట్ట మద్రాసు నుంచి రైల్లో రావాలి. మిగిలిన ముక్క చాలదు."

అతను లేచి తీగ మీది గుడ్డను తడిమాడు. "గంజేగా పోయింది. గుడ్డ యాడికి పోయింది?"

ఆ రాత్రి బియ్యం నానబోశాడు. గురువారం పొద్దున గంజి కాచి, పల్చటి బట్టలో మూడుసార్లు వడగట్టి, చిటికెడు పటిక, ఒక మైనపు తునక కలిపాడు. పాత కొట్టు బల్ల మీద గుడ్డను నాలుగు వైపులా లాగి మేకులు కొట్టాడు. గంజి పూసి, అరతడిగా ఉండగానే గుండ్రటి గాజు సీసా అడుగుతో రుద్దడం మొదలుపెట్టాడు. మళ్ళీ పూత, మళ్ళీ రుద్దుడు. క్లర్కులు ఫైళ్ళు వదిలి వచ్చి చుట్టూ మూగారు. సీసా గుడ్డ మీద జారే చప్పుడొక్కటే, దూరంగా ఎక్కడో నీళ్ళు పారుతున్నట్టు. శుక్రవారం పొద్దునకు గుడ్డ తెల్లదనం తగ్గి, బూడిదరంగు తిరిగి, మెరిసింది. పెన్సిలు కాగితం మీద పరిచాను. మిల్లు గుడ్డంత స్పష్టంగా లేదు. పొగమంచులో కాలువ కనిపించినట్టు కనిపించింది. అయినా కనిపించింది.

మూడు వారాల పనిని రెండు పగళ్ళు, రెండు రాత్రుల్లో గీశాను. చిన్న అక్షరాలు వదిలేశాను, కొలతలు వదల్లేదు. అతను పక్కన కూర్చుని మూలలు నొక్కిపట్టాడు. ఆదివారం మేడ మీద చట్రంలో పెట్టి ఎండ చూపించాం. గుడ్డ మసకగా ఉంది గనుక రెట్టింపుసేపు ఉంచాల్సి వచ్చింది. నీళ్ళలో ముంచి తీస్తే, లోతైన నీలంలో తెల్లటి కాలువ మెల్లగా తేలింది. ఆ సాయంత్రం నా సభ జరిగిందో లేదో తెలియదు. నేను వెళ్ళలేదు.

కాపీ వెళ్ళిపోయింది. కానీ సంజాయిషీ గడువు కూడా దాటిపోయింది. సోమవారం ఇంజనీరుగారు మళ్ళీ అడిగారు.

"నేనే అడక్కుండా తీశానని రాయి," అన్నాడు పెద్దాయన. "నన్నెట్టాగూ పొమ్మన్నారు. నీకు ముందు బతుకుంది."

ఒక పూట ఆ మాట నాకు తియ్యగా వినిపించింది. అది కూడా నిజమే గనుక రాస్తున్నాను. నాకు డ్రాఫ్ట్స్‌మన్‌గా ప్రమోషను రావలసి ఉంది. అతను దొంగ అని ఒక్క వాక్యం రాస్తే చాలు. మా అమ్మ బల్ల మీద కూర్చున్న రోజుల లెక్క కూడా దానితో తీరిపోతుందని మనసులో ఒక గొంతు వాదించింది. అది మంచి వక్తే. సభలో అయితే చప్పట్లు పడేవి. సాయంత్రం కాగితం తీసుకుని రాశాను: గుడ్డ ఇచ్చింది నేను, ఇంతకుముందు ఒకటి ఇచ్చింది కూడా నేనే, ఏది పనికిరానిదో చూపించకుండా తీసుకోమన్నది నేను, అతను ఉన్న గుడ్డల్లో పాడైనదే తీశాడు.

ఇంజనీరుగారు చదివి కళ్ళజోడు తీశారు.

"ఇది చింపేసి ఇంకోటి రాసుకురావయ్యా. రేపటి దాకా టైమిస్తా."

"రెండోది కూడా ఇట్టాగే ఉంటుంది సార్."

"నీ నాస్తికత్వంతో చచ్చే చావొచ్చింది," అని ఆయన కాగితం ఫైల్లో పెట్టారు.

వారంలో రెండు ఆర్డర్లు వచ్చాయి. ఒకదాంట్లో నన్ను అడవిలో కాలువ క్యాంపుకు పంపారు, ప్రమోషను ఊసు లేదు. రెండోది కొత్త మస్టరు. అది ఇంగ్లీషులో ఉంది గనుక పెద్దాయన నన్నే చదవమన్నాడు.

"నీ పేరుంది," అన్నాను.

"మళ్ళా చదువు."

మళ్ళీ చదివాను. అతను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత మెట్ల వైపు చూపించాడు. ట్రంకు పెట్టె, చాప, గిన్నెలు అప్పటికే బయట పెట్టి ఉన్నాయి. ఎవరో వచ్చి ఖాళీ చేయించేలోపు తానే సర్దుకున్నాడు.

"ఓ చెయ్యి వెయ్యబ్బాయ్. వంగి రా, పైన దూలం తగులుద్ది."

పెట్టె ఒక పక్క అతను, ఒక పక్క నేను పట్టుకుని లోపలికి దించాం. ఆ మేడలో ప్రతి మూలా కొలిచాను గానీ ఆ గది కొలవలేదు. మెట్ల కింద ఖాళీ అని రాసి వదిలేశాను. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక గోడలు మెరవడం కనిపించింది. నేల నుంచి దూలం దాకా తానుల మీద మిల్లులు అంటించే చీటీలు. చిలకలు, ఏనుగులు, ఓడలు, పువ్వులు పట్టుకున్న ఆడవాళ్ళు, బంగారు అంచుల చంద్రుళ్ళు. తాను విప్పిన ప్రతిసారీ ఒకటి ఊడదీసి దాచుకున్నాడట.

"కూర్చో," అన్నాడు పెట్టె చూపించి. "ఇది ఏ మిల్లుదో చెబుతా."

రెండు గంటల బస్సుకు క్యాంపుకు వెళ్ళాల్సినవాణ్ణి. అతను చీటీ తర్వాత చీటీ మీద వేలు పెట్టి, అది ఏ ఏడు వచ్చిందో, ఆ గుడ్డ ఎవరు కొన్నారో, ఎవరి పెళ్ళికి కట్టారో చెబుతూ పోయాడు. నేను నాలుగు గంటల బస్సుకు వెళ్ళాను.